ఐదు పిల్లులున్న ఇంట్లో లైమ్ సల్ఫర్: నాలుగు నెలలు వాడాక

కొత్తగా తెచ్చిన కూన చెవి వెనుక గోరంత మేర వెంట్రుకలు రాలి, పొలుసులు కట్టాయి. తామరే అనుకుని రెండు వారాలు పైపూత రాస్తూ కూర్చున్నాను. ఆలోపు మరో రెండు పిల్లులకు మచ్చలు వచ్చాయి, నా ముంజేతి మీద ఎర్రటి వలయం తేలింది. ఒళ్లంతా వెంట్రుకల్లో పేరుకున్న శిలీంధ్ర బీజాలకు మచ్చ మీద రాసిన పూత ఎలా అందుతుంది?

పశువైద్యురాలు మచ్చ లేనివాటితో సహా ఐదింటినీ టూత్‌బ్రష్‌తో దువ్వి, వచ్చిన వెంట్రుకలను కల్చర్ పరీక్షకు (శిలీంధ్రం పెరుగుతుందేమో చూసే ల్యాబ్ పరీక్ష) పంపారు. తామర తెచ్చే శిలీంధ్రం మైక్రోస్పోరమ్ కేనిస్ అని తేలింది. మచ్చలున్న మూడింటికి ఒక వారం ఇట్రాకొనజోల్ అనే శిలీంధ్రాల మందు, ఒక వారం విరామం. ఐదింటికీ వారానికి రెండుసార్లు లైమ్ సల్ఫర్ (సున్నం, గంధకంతో చేసే శిలీంధ్ర నాశక ద్రావణం) స్నానం.

ఈ ద్రావణం కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. మా తెల్ల పిల్లి నెలల తరబడి పసుపు రంగులోనే తిరిగింది. నా వెండి ఉంగరం నల్లబడింది. డాక్టరు చెప్పిన కొలతలో గోరువెచ్చని నీళ్లలో కలిపి, చర్మం దాకా తడపాలి. తర్వాత కడగకూడదు. ఆరేదాకా నాకకుండా మెడకు కోన్ తొడిగేదాన్ని. ఇన్ని ఇబ్బందులున్నా గట్టిగా సిఫారసు చేస్తాను: మచ్చ లేని రెండు పిల్లులకూ చివరిదాకా మచ్చ రాలేదు.

అయితే ఇల్లు శుభ్రం చేయకపోతే ఈ స్నానాలన్నీ వృథా. రాలిన వెంట్రుకల్లో బీజాలు నెలల తరబడి బతికి ఉంటాయి. తివాచీలు తీసేశాను. రోజూ వాక్యూమ్ చేసి, సబ్బునీళ్లతో తుడిచి, ఆ తర్వాతే పలుచటి బ్లీచ్ వాడాను. మురికి మీదే బ్లీచ్ పోస్తే దాని బలం మురికికే సరిపోతుంది. పిల్లుల దుప్పట్లు విడిగా, రెండేసిసార్లు ఉతికాను.

మచ్చలున్న మూడింటినీ ఒకే గదిలో ఉంచాం. కూనకు మనుషుల చేతులు అలవాటయ్యే వయసు అది. అందుకే పాత బట్టలు వేసుకుని రోజూ గంటసేపు దాని దగ్గర కూర్చున్నాను. ఆ గంట దండగ అనుకోవద్దు.

ఆరో వారానికి అన్నింటికీ వెంట్రుకలు తిరిగి వచ్చాయి. మందు ఆపేద్దామని ఎంత అనిపించిందో! కానీ కల్చర్ ఇంకా పాజిటివ్. చూడటానికి నయమైన పిల్లి కూడా ఇంకా అంటిస్తూ ఉండవచ్చు. మూడింటికీ వరుసగా రెండేసి నెగటివ్‌లు వచ్చేసరికి నాలుగో నెల నిండింది. ఆ రోజు తలుపు తీస్తే కూన తిన్నగా వెళ్లి పసుపు పచ్చని మా తెల్ల పిల్లి పక్కన పడుకుంది.