జింప్ 3.0: పొరల మీద పని, పారదర్శకత మీద పట్టు

శుభలేఖలు, పుస్తకాల ముఖచిత్రాలు, చిన్న చిన్న ప్రకటనలు రూపొందించే పనిలో కొన్నేళ్లుగా బొమ్మలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ జింప్‌నే వాడుతున్నాను. 2018లో వచ్చిన 2.10 వెర్షన్‌తో చాలాకాలం పనిచేసి, 2025 మార్చిలో విడుదలైన 3.0కి మారాను. బొమ్మలు దిద్దే ఏ సాఫ్ట్‌వేర్‌కైనా అసలు పరీక్ష లేయర్ల (ఒకదాని మీద ఒకటి పేర్చే బొమ్మ పొరల) దగ్గరా, పారదర్శకత దగ్గరా ఎదురవుతుందని నా నమ్మకం. అందుకని ఈ సమీక్షను ఆ రెండింటికే పరిమితం చేస్తున్నాను.

కొత్తగా జింప్ నేర్చుకునేవారు మొదట తడబడేది ఎరేజర్ దగ్గర. ఫోన్‌లో తీసిన జేపెగ్ ఫొటోను తెరిచి వెనుక గోడను చెరిపితే, అక్కడ పారదర్శకతను సూచించే బూడిదరంగు గళ్లు కనిపించవు, తెల్లరంగు పూసినట్టు అవుతుంది. జేపెగ్‌లో పారదర్శకతకు చోటే లేదు కాబట్టి ఆ లేయర్ ఆల్ఫా ఛానెల్ (ప్రతి పిక్సెల్ ఎంత పారదర్శకమో నమోదుచేసే భాగం) లేకుండా తెరుచుకుంటుంది, ఎరేజర్ అప్పుడు నేపథ్యపు రంగునే పూస్తుంది. లేయర్ మెనూలోని ట్రాన్స్‌పరెన్సీలో యాడ్ ఆల్ఫా ఛానెల్ నొక్కితే ఆ చిక్కు తీరిపోతుంది. తెరిచే ప్రతి బొమ్మకూ ఆల్ఫా తనంతట తానే చేరేలా ప్రిఫరెన్సెస్‌లో ఒక సదుపాయం ఉంది. దాన్ని మొదటిరోజే ఎంచుకొని ఉంటే నాకు ఎన్నో గంటలు మిగిలేవి. పూర్తయిన పనిని మళ్లీ జేపెగ్‌గా ఎగుమతి చేస్తే పారదర్శకత పోతుందన్న సంగతి కూడా నేను నష్టపోయాకే తెలుసుకున్నాను. అలా పంపిన ఒక చిహ్నం ఎర్రటి ఫ్లెక్సీ మీద తెల్లని పెట్టెలో ఇరుక్కున్నట్టు అచ్చయి వచ్చింది.

జింప్‌లో నేను అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకునేది ఎంచుకున్న రంగును పారదర్శకంగా మార్చే కలర్ టు ఆల్ఫా. మొన్నామధ్య ఒక కుటుంబం వారు తమ తాతగారి ఉత్తరం ఒకటి తెచ్చి, ఆయన చేతిరాతను స్మారక సంచిక అట్ట మీద, నేత బట్ట ఫొటో పైన కనిపించేలా చేయమని అడిగారు. కాగితం పసుపుబారింది, మడతల దగ్గర మరకలున్నాయి, సిరా కొన్నిచోట్ల చిక్కగానూ కొన్నిచోట్ల వెలిసిపోయీ ఉంది. ఒకే తరహా రంగున్న భాగాన్ని ఎంచుకునే ఫజ్జీ సెలెక్ట్‌తో కాగితాన్ని తీసేస్తే ప్రతి అక్షరం చుట్టూ పసుపు అంచు మిగిలిపోయింది, తలకట్ల చివర్లు రంపపుపళ్లలా తెగిపోయాయి. దీనికి కారణం తేలికగానే అర్థమవుతుంది. అక్షరపు అంచున ఉండే పిక్సెల్ పూర్తిగా సిరా కాదు, పూర్తిగా కాగితమూ కాదు. అది రెండూ కలిసిన రంగు కాబట్టి ఉంచడమో తీసేయడమో అన్న లెక్కకు లొంగదు. కలర్ టు ఆల్ఫా ఒక్కొక్క పిక్సెల్‌నూ విడిగా చూసి, మనం చూపిన కాగితపు రంగు అందులో ఎంత ఉందో లెక్కగట్టి, అంత మేరకే దాన్ని పారదర్శకం చేస్తుంది. సగం సిరా కలిసిన పిక్సెల్ సగం పారదర్శకమైన సిరాగా నిలుస్తుంది. ట్రాన్స్‌పరెన్సీ థ్రెషోల్డ్‌ను కొద్దిగా పెంచితే లేత మరకలు మాయమయ్యాయి, ఒపాసిటీ థ్రెషోల్డ్‌ను తగ్గిస్తే సిరా చిక్కబడింది. బట్ట పోగుల మీద ఆ గుండ్రని అక్షరాలు అక్కడే రాసినట్టు కుదురుకున్నాయి. ఆ ఉత్తరం తెచ్చినవారు తెరమీద దాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు.

మనుషుల ఫొటోలకు మాత్రం లేయర్ మాస్క్ తప్పదు. మాస్క్ మీద తెలుపు ఉన్నచోట బొమ్మ కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట దాగుతుంది, బూడిదరంగు పూసినచోట ఆ పాళ్లలో లీలగా కనిపిస్తుంది. పెళ్లికూతురి జడ పక్కన ఎగిరే వెంట్రుకలు పొరపాటున చెరిగిపోయినా తెల్లరంగు పూసి తిరిగి తెచ్చుకోవచ్చు కాబట్టి, ఎరేజర్ అలవాటును మానుకొని మాస్క్‌ను అలవాటు చేసుకోమని నేర్చుకునేవారికి గట్టిగా చెబుతాను.

3.0లో వచ్చిన పెద్ద మార్పు, లేయర్‌కు వేసిన ఫిల్టర్ (నీడ, మసక వంటి మార్పు) ఆ లేయర్‌లో కలిసిపోకుండా విడిగా నిలిచి ఉండడం. రామభద్ర ఫాంట్‌లో ‘ఆహ్వనం’ అని టైపుచేసి, నీడ వేసి, పని దాదాపు పూర్తయ్యాక దీర్ఘం పోయిందని గమనించాననుకోండి. 2.10లో అయితే నీడ పని మళ్లీ మొదటినుంచి చేయవలసి వచ్చేది. ఇప్పుడు అక్షరాన్ని ‘ఆహ్వానం’ అని దిద్దితే చాలు, నీడ కూడా దానితోపాటే మారుతుంది. నీడ దూరాన్ని, మసకను ఎప్పుడైనా తెరిచి సవరించుకోవచ్చు. యూనికోడ్ ఒత్తులు, గుణింతాలు సరిగ్గా పడతాయి కాబట్టి తెలుగు పనికి ఇది నిజంగా పనికొచ్చే మార్పు. అనేక లేయర్లను ఒకేసారి ఎంచుకొని జరిపే వీలు, గీస్తూపోతే లేయర్ హద్దు దానంతటదే పెరిగే సదుపాయం కూడా ఇందులోనే వచ్చాయి.

లోపాలు లేకపోలేదు. ఈ ఫిల్టర్లను మాస్క్ మీద అదే విధంగా విడిగా నిలిపి ఉంచలేము. కింది లేయర్లన్నిటి రంగునూ ఒకేసారి సవరించే అడ్జస్ట్‌మెంట్ లేయర్లు లేవు, వాటి బదులు లేయర్ గ్రూపును, దాని ప్రభావం కింది లేయర్లకూ అందే పాస్ త్రూ పద్ధతిలో పెట్టి దానికి ఫిల్టర్ వేసుకోవాలి. పెద్ద ఫైలుకు నాలుగైదు ఫిల్టర్లు తగిలిస్తే నా కంప్యూటర్ స్పష్టంగా నెమ్మదిస్తుంది. బొమ్మను నేరుగా అచ్చుకు వాడే సీఎంవైకే రంగుల్లో దిద్దే వీలు ఇంకా లేదు కాబట్టి, ఆఫ్‌సెట్ అచ్చుకు పంపేముందు రంగులను ప్రెస్సువారితో కూర్చొని సరిచూసుకోవడం నాకు తప్పని పని అయింది. పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్‌లో ఇంత పని జరుగుతున్నందుకు ఈ లోపాలను నేను భరించగలుగుతున్నాను. రోజంతా అచ్చు పనే చేసే డీటీపీ కేంద్రానికి మాత్రం దీన్నే నమ్ముకొమ్మని చెప్పలేను.

మరొక జాగ్రత్త చెప్పాలి. జింప్‌లో ఎరేజర్ పిక్సెల్‌ను పారదర్శకం చేస్తుందే కాని దాని రంగును వెంటనే తుడిచివేయదు. అందువల్లనే ఆల్ట్ మీట నొక్కి అదే ఎరేజర్‌తో రుద్దితే చెరిపినది తిరిగి కనిపిస్తుంది. పీఎన్‌జీగా ఎగుమతి చేసేటప్పుడు పారదర్శక పిక్సెళ్ల రంగులను కూడా భద్రపరిచే గడి ఒకటి వస్తుంది. ఆ ఉత్తరం మూలన ఉన్న ఇంటి చిరునామాను నేను చెరిపివేసిన తరువాత, ఆ గడిలో టిక్ లేదని రెండుసార్లు చూసుకొన్నాకే ఫైలును ప్రెస్సుకు పంపాను.