భీమవరంలో వీసా కాగితాల కార్యాలయం: ముందు బల్లకు నాలుగు చుక్కలు, గాజు గదికి ఒకటి

పిల్లల దగ్గర ఎక్కువకాలం ఉండేందుకు తల్లిదండ్రులకిచ్చే కెనడా సూపర్ వీసా కోసం రాజోలు నుంచి భీమవరానికి అయిదుసార్లు బస్సెక్కాను. చించినాడ వంతెన మీద గోదావరి గాలి తగిలిన ప్రతిసారీ ఇదే ఆఖరు ప్రయాణం అనుకున్నాను. వీసా చేతికొచ్చింది కాబట్టి ఇప్పుడు తీరికగా రాస్తున్నాను. కార్యాలయం పేరు మాత్రం రాయను. మెచ్చుకోవలసిన మనిషీ, తప్పుపట్టవలసిన మనిషీ ఒకే కప్పు కింద ఉన్నారు. పేరు రాస్తే ఇద్దరికీ కలిపి ఒకే మార్కు పడుతుంది. బట్టల దుకాణం పైన మొదటి అంతస్తు. మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. అరవై దాటిన వాళ్ళ వీసాల మీద బతుకుతున్న వాళ్ళు ఆ కమ్మీ ఒక్కటైనా పెట్టించాలి.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా గొణుగుడు అర్థం కాదు. నేను ఒమన్‌లో ఇరవై ఏడేళ్ళు నర్సుగా చేశాను. గల్ఫ్‌లో మన ఉనికి ఉద్యోగానికి కట్టిన గేదె లాంటిది. ఉద్యోగం ఉన్నంతకాలం రెసిడెన్స్ కార్డు ఉంటుంది, అది పోయిన రోజు నుంచి సామాను సర్దుకోవడమే. 2021లో నేనూ సర్దుకున్నాను. అక్కడ పుట్టిన పిల్లలకు మొదటి టీకా వేసిన చేతులతోనే నా పెట్టెలకు తాళ్ళు కట్టుకున్నాను. ఆయన అంతకు ముందే పోయారు. మిగిలింది ఇల్లు, డెబ్బై సెంట్ల కొబ్బరితోట, టొరంటో దగ్గర మా అమ్మాయి. అది ఇప్పుడు కెనడా పౌరురాలు. ‘అమ్మా, ఒక్కదానివే ఎందుకు, వచ్చెయ్యి’ అని మూడేళ్ళుగా పోరు.

తీరా బయలుదేరుదామంటే ఎన్ని దారులో, అన్ని గేట్లు. అమ్మాయి స్పాన్సర్ చేసి శాశ్వత నివాసం ఇప్పించే పథకం కెనడాకు ఉంది, కానీ 2020లో ఆసక్తి తెలిపిన వాళ్ళ జాబితా నుంచే 2025 వరకూ పిలుస్తూ వచ్చారు. ఆ జాబితాలో మేం లేము. మామూలు సందర్శక వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. సూపర్ వీసా మీద 2022 జూలై నుంచి ఒక్కో రాకకు అయిదేళ్ళ దాకా ఉండవచ్చు. ఉండనిస్తారు, అంతే. ప్రభుత్వ వైద్యం ఉండదు, పని చేయకూడదు, అమ్మాయి ఆదాయం వాళ్ళు చెప్పిన మెట్టు దాటాలి, కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా మన డబ్బుతో కొనుక్కోవాలి.

కార్యాలయంలో మొదటి రోజు నన్ను నేరుగా గాజు గదిలోకి తీసుకెళ్ళారు. అక్కడి మేనేజరుగారికి టై ఉంది, ఏసీ ఉంది, మెరిసే పుస్తకాలు ఉన్నాయి. నేను కెనడా అంటే ఆయన థాయ్‌లాండ్ అన్నారు. అది వద్దంటే దుబాయి అన్నారు. ‘అరవై దాటాక చలి దేశం ఎందుకు మేడమ్, సముద్రం పక్కన హాయిగా ఉండండి’ అన్నారు. అంతర్వేది మాకు గంట ప్రయాణం. సముద్రం చూడడానికి నాకు వీసా ఎందుకో ఆయన చెప్పలేదు.

ఆ పుస్తకాల్లో లేని సంగతులు నాకు తెలుసు. నాతో పనిచేసిన మలయాళీ సిస్టరూ ఆవిడ భర్తా రిటైరయ్యాక థాయ్‌లాండ్ వెళ్ళారు. యాభై దాటిన వాళ్ళకు అక్కడ ఏడాది అనుమతి ఇస్తారు. దానికి అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్ ఉండాలి, లేదా నెలకు 65 వేల బాత్ ఆదాయం చూపాలి. ఏటా మళ్ళీ అదే తంతు. మధ్యలో కేరళ వచ్చి వెళ్ళాలంటే ముందుగా రీ ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి, మరిచిపోతే ఉన్న అనుమతీ పోతుంది. వరుసగా 90 రోజులు ఉంటే చాలు, ఇమిగ్రేషన్‌కు చిరునామా తెలపాలి. మా అన్నయ్య పెన్షను కోసం ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికే విసుక్కుంటాడు. ఆవిడ మూడేళ్ళు చూసి, వీసా కాగితాలు దాచిన ఫైలు రెండు కిలోలు దాటిందని నవ్వుతూ, కొట్టాయం వెళ్ళిపోయింది. దుబాయి రిటైర్మెంటు వీసాకు 10 లక్షల దిర్హాముల పొదుపో, అంతే విలువైన ఆస్తో, లేకపోతే నెలనెలా గట్టి ఆదాయమో కావాలి. అంత ఉన్నవాళ్ళకు ఈ మెట్లు ఎక్కే అవసరం ఏమిటి?

ఇంక ముందు బల్ల సంగతి. అక్కడ కూర్చునే అమ్మాయికి పాతికేళ్ళు ఉంటాయేమో. రెండోసారి వెళ్ళినప్పుడు నా సంచీ తీసుకుని కాగితాలన్నీ బల్ల మీద పేకముక్కల్లా పరిచింది. ‘అమ్మగారూ, ఇక్కడ మీరు ముగ్గురున్నారండీ’ అంది. నిజమే. పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో దాని పొడి అక్షరం ఒక్కటే. నర్సింగ్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు. ముగ్గురూ ఒకరేనని స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించి, ఏ కాగితంలో ఏ పేరుందో పట్టిక కట్టి జత చేసింది. ఇంటిపేరు ముందుండే మన అలవాటు, చివరుండే వాళ్ళ అలవాటు ఫారంలో తారుమారు కాకుండా చూసింది.

అసలు చిక్కు వేరే ఉంది. నేను మా అమ్మాయికి తల్లినని రుజువు చేయాలి. నలభై ఏళ్ళకు దగ్గరపడ్డ పిల్లకు తల్లినని రుజువు! అది 1986లో మా పుట్టింట్లో మంత్రసాని చేతుల మీద పుట్టింది. పంచాయతీలో రాయించాలని ఎవరికీ తోచలేదు, నర్సింగ్ చదివిన నాకూ తోచలేదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో తండ్రి పేరే ఉంది. ఇతర కాగితాలేవైనా ఉంటే అవి 1996 నవంబరు తుపానులో పోయాయి. ఆ రాత్రి కోనసీమలో కొబ్బరిచెట్లు ఎలా విరిగాయో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మా పెంకుటింటి కప్పు కూడా లేచిపోయింది. నేను మస్కట్‌లో ఉన్నాను. ఫోను కలవడానికి అయిదు రోజులు పట్టింది. మా అత్తగారు పిల్లను మంచం కింద పెట్టుకుని కాపాడింది కానీ, ట్రంకుపెట్టెను కాపాడలేకపోయింది. కాగితాలు నాని ముద్దయిపోయాయి. దాని గురించి ఆవిణ్ణి నేను ఎన్నడూ అడగలేదు.

ఇదంతా విని మేనేజరుగారు ‘ఇప్పుడు జనన నమోదు చేయించుకోవాలి, మేజిస్ట్రేటు ఆర్డరు కావాలి, మనవాళ్ళున్నారు, ఖర్చవుతుంది’ అన్నారు. ఆర్డరు కావలసిన మాట నిజమే, ఏడాది దాటిన జననానికి అదే పద్ధతి. ముందు బల్ల అమ్మాయి మాత్రం ఆయన అటు వెళ్ళాక మెల్లగా అడిగింది, ‘అమ్మగారూ, మీ అమ్మాయిగారి పాత ఇండియా పాస్‌పోర్టు ఉందాండీ?’ అని. ఉంది. కెనడా పౌరసత్వం వచ్చాక మన పాస్‌పోర్టు అప్పగిస్తే రద్దు ముద్ర వేసి తిరిగి ఇస్తారు. దాని చివరి పేజీలో తండ్రి పేరు, కింద తల్లి పేరు అచ్చయి ఉంటాయి. తల్లి పేరు నా పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉంది. ఆ ఒక్క పేజీ నాకు నెలలు మిగిల్చింది. ముందు బల్లకు నేనిచ్చిన నాలుగు చుక్కలూ ఆ ప్రశ్నకే.

గాజు గదికి ఒకటే ఎందుకంటే, బీమా దగ్గర జరిగింది వినండి. నాకు పదకొండేళ్ళుగా షుగరు, మాత్రలతో అదుపులో ఉంది. ‘షుగరు రాయకండి మేడమ్, ప్రీమియం పెరుగుతుంది, మాత్రలే కదా’ అన్నారు మేనేజరుగారు. ‘నేను ఇరవై ఏడేళ్ళు కేసు షీట్లు రాశానండీ, ఉన్న జబ్బు లేదని ఒక్కసారీ రాయలేదు’ అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. ఇది నీతి కోసం అన్న మాట మాత్రమే కాదు. దరఖాస్తులో అబద్ధం తేలితే కెనడా అయిదేళ్ళ దాకా గడప తొక్కనివ్వదు. బీమాలో దాస్తే, అవసరం పడ్డ రోజున కంపెనీ మొదట తిరగేసేది మన పాత మందుల చీటీలనే. ఐసీయూలో ఉన్న మనిషి పిల్లలు ఆ గొడవ పడడం నేను చూశాను. పాలసీల్లో ఇంకో మెలిక ఉంది. పాత జబ్బుకు డబ్బివ్వాలంటే పాలసీ మొదలయ్యే ముందు కొన్ని రోజులు మందు మోతాదు మారకూడదు. కంపెనీని బట్టి అది 90 రోజులో 180 రోజులో ఉంటుంది. ఈ మాట గాజు గదిలో ఎవరూ ఎత్తలేదు. ఆయన చూపిన పాలసీ 3,100 డాలర్లు. షుగరు ఉందని చెప్పి, మా అమ్మాయి అక్కడి నుంచే తీసుకున్నది 2,300. వీసా రాకపోతే మొత్తం వెనక్కి ఇస్తారు. ముందే తిరిగొచ్చేస్తే, క్లెయిమ్ లేనట్టయితే, మిగిలిన నెలల డబ్బూ ఇస్తారు.

తోట విషయంలో ఆయన చెప్పింది ఇంకా ఘోరం. ‘మీ అమ్మాయి ఓసీఐ, ఆవిడ పేరున వ్యవసాయ భూమి ఉండకూడదు, వెళ్ళే ముందు అమ్మేయండి, పార్టీ నేను చూస్తాను’ అన్నారు. ఓసీఐ అంటే విదేశీ పౌరులైన మనవాళ్ళకు భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు. అది ఉన్నవాళ్ళు వ్యవసాయ భూమి కొనకూడదన్నది నిజం. దానంగా పుచ్చుకోకూడదన్నదీ నిజం. కానీ ఇక్కడ నివసించే తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా రావచ్చు. రాజోలులో మా లాయరుగారు రెండు నిమిషాల్లో చెప్పారు, దాన పట్టా వద్దమ్మా, వీలునామా రాయండి అని. డెబ్బై సెంట్లు బేరం పెట్టడానికి వీసా కార్యాలయం ఎందుకో నాకు ఇప్పటికీ బోధపడదు.

ఖర్చు: చెప్పింది 18,000 రూపాయలు, చివరికి తీసుకున్నది 21,500. తేడా ఏమిటంటే ‘ఫైలు ఛార్జీ’ అన్నారు. రసీదు అడిగి తీసుకోండి. కెనడా ప్రభుత్వానికి కట్టేది వీసాకు 100 డాలర్లు, వేలిముద్రలకు 85, అంతే. డబ్బు తీసుకుని దరఖాస్తు నడిపే హక్కు కెనడా లైసెన్సున్న సలహాదారులకూ లాయర్లకే ఉంది. వీళ్ళకు ఆ లైసెన్సు లేదు. అందుకే ఇక్కడ కాగితాలు మాత్రమే సిద్ధం చేయించుకుని, దరఖాస్తు మా అమ్మాయి చేత ఆన్‌లైన్‌లో పెట్టించాను. వేలిముద్రలకూ వైద్య పరీక్షకూ హైదరాబాదు వెళ్ళాను. నరసాపురం నుంచి రాత్రి రైలెక్కితే రెండు పనులూ ఒకే పగలు అయిపోయాయి. కెనడా వాళ్ళు గుర్తించిన డాక్టరు దగ్గరే పరీక్ష చేయించాలి, మన డాక్టరు రాసిచ్చింది చెల్లదు.

వీసాలో పదేళ్ళ గడువు ఉంది. అయిదేళ్ళు ఉంటానా అంటే, ఉండను. పోయినసారి డిసెంబరులో వెళ్ళాను. సాయంత్రం అయిదు కాకముందే చీకటి, కిటికీ బయట మనిషి అలికిడి లేదు. మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా ఫ్రిజ్ చప్పుడు వింటూ కూర్చున్నాను. ఇక్కడైతే కొబ్బరి దింపు కూలీలు వచ్చిన రోజు వాళ్ళతో లెక్కల తగవుకే పూట గడిచిపోతుంది. అమ్మాయి మాత్రం ఓసీఐ కార్డుతో ఎప్పుడైనా వచ్చి, ఎన్నాళ్ళయినా ఉండవచ్చు. దానికి ఉన్నది సెలవు లేకపోవడమే. అందుకని ఈసారి వేసవిలో వెళ్ళి, భీష్మ ఏకాదశికి అంతర్వేది రథం కదిలే నాటికి తిరిగొచ్చేలా టికెట్టు తీసుకున్నాను.

వెళ్ళేవాళ్ళు ఉదయం పదకొండు లోపు వెళ్ళండి, ఆ అమ్మాయి ఖాళీగా ఉంటుంది. మేనేజరుగారు పన్నెండు దాటితే గానీ రారు.