ఏనుగుల ముగింపులో డ్రా: చివరి వరుస కాపలా మేలా, మూడో వరుసా?

చదరంగంలో క్లబ్ స్థాయి ఆటగాళ్ల మధ్య పోరు తరచూ ఇలా తేలుతుంది: ఇద్దరికీ చెరొక ఏనుగు, ఒకరికి మాత్రం ఒక బంటు అదనం. బంటు లేనివారికి డ్రా కోసం రెండు దారులున్నాయి. ఏనుగును తమ చివరి వరుసలో కాపలా ఉంచడం ఒకటి, తమ వైపు నుంచి మూడో వరుసలో నిలపడం మరొకటి. రెండింటిలోనూ రాజు బంటుకు ఎదురుగా ఉండాలి.

చాలామంది చివరి వరుసకే మొగ్గుతారు. బంటు జీ లేదా బీ నిలువు వరుసలో ఉంటే ఆ నమ్మకం సరైనదే. (గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె తెల్లవారి వైపు నుంచి లెక్కించిన అడ్డ వరుసను చెబుతుంది.) తెల్ల రాజు హెచ్6, బంటు జీ6, ఏనుగు ఏ7; నల్ల రాజు జీ8, ఏనుగు బీ8 అనుకోండి. తెల్లవారు ఎంత ప్రయత్నించినా లోపలికి రాలేరు. బంటును జీ7కి తోస్తే, నల్ల ఏనుగుకు బీ6 నుంచి చెక్ (రాజుపై దాడి) సిద్ధంగా ఉంటుంది. అదే అమరికను ఒక్క గడి పక్కకు జరపండి: తెల్ల రాజు జీ6, బంటు ఎఫ్6, నల్ల రాజు ఎఫ్8. తెల్ల ఏనుగు ఏ7 నుంచి హెచ్7కి వస్తే చాలు, ఆట ముగిసినట్టే. హెచ్8లో మాట్‌ను తప్పించుకోవాలంటే నల్లవారు ఏనుగునే పోగొట్టుకోవాలి. మధ్య బంట్లకూ ఇదే ప్రమాదం.

మూడో వరుస కాపలా అలా కాదు, ఏ బంటుకైనా పనిచేస్తుంది. సంగీతకారుడూ, చదరంగ దిగ్గజమూ అయిన ఫ్రెంచివాడు ఫిలిడార్ 1777లోనే దీన్ని వివరించాడు. తెల్ల రాజు డీ5, బంటు ఈ5, ఏనుగు హెచ్7. నల్ల రాజు ఈ8, ఏనుగు ఏ6. తెల్ల రాజు ఆరో వరుసలోకి, అంటే నల్లవారి మూడో వరుసలోకి, అడుగుపెట్టలేడు. దారి తెరవడానికి బంటును ఈ6కి తోస్తే, నల్ల ఏనుగు వెంటనే ఏ1కి దిగాలి. రాజు డీ6కి వస్తే డీ1లో చెక్, ఈ5కి వెనుదిరిగితే ఈ1లో చెక్. బంటు ముందుకు పోయింది కాబట్టి రాజుకు నీడ లేదు. ఇంత అందమైన రక్షణ చదరంగంలో అరుదు!

కాబట్టి ముందుగా నేర్చుకోవాల్సింది మూడో వరుస కాపలానే. చివరి వరుస కాపలాను బీ, జీ బంట్లకూ, అంచు బంట్లకూ అట్టేపెట్టుకోండి. మూడో వరుసలో జాగ్రత్త ఒక్కటే: బంటు ఆరో వరుసకు చేరకముందే ఏనుగును కిందికి దించకండి. దించితే రాజు బంటు ముందుకు దూరి, దాని నీడలోనే చెక్‌లు తప్పించుకుంటాడు. డ్రా ఇంకా దొరకవచ్చు గానీ, గడియారం తరుముతుంటే ఆ ఎత్తులు కనిపెట్టడం కష్టం.

ప్రత్యర్థి బంటును తోయకుండా సాగదీస్తే, ఏనుగును ఏ6, బీ6 ల మధ్య తిప్పుతూ ఉండండి. బంటు కదలకుండా, ఏ పావూ చావకుండా ఇద్దరూ చెరి 50 ఎత్తులు వేస్తే, నియమం ప్రకారం డ్రా అడగవచ్చు. అందుకే ఎత్తులు తప్పకుండా రాసుకోండి.