ఆదివారం సంచి, 27వ పేజీ: మా శాఖా గ్రంథాలయం పిల్లలతో ఏడో ఏడు

మా ఊరి శాఖా గ్రంథాలయంలో పుస్తకాలెన్ని, ధరావతు ఎంత, ఏ పూట తెరుస్తారు లాంటివి రాయను. అవి ఏ శాఖకైనా ఇంచుమించు ఒకటే, గోడ మీద బోర్డులో ఉంటాయి. నేను రాయాలనుకున్నది, గ్రంథాలయం దాకా నడవలేని పెద్దవాళ్ల కోసం ఆదివారం ఉదయం మా గుమ్మంలోకి వచ్చే పుస్తకాల సంచి గురించి, దాన్ని సైకిల్ మీద మోసుకొచ్చే వాలంటీర్ పిల్లల గురించి.

ముందే ఒక మాట చెప్పాలి. వాలంటీర్లు అనగానే మన దగ్గర ఇంటింటికీ పింఛను తెచ్చిచ్చినవాళ్లు గుర్తొస్తారు. వీళ్లు వాళ్లు కారు. వీళ్లకి గౌరవ వేతనం లేదు, కార్డు లేదు. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు ఎనిమిది తొమ్మిది మంది, రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు, ఇంట్లో కుట్టు మిషను పెట్టుకున్న ఒకావిడ. ఆ సంచులు కుట్టింది ఆవిడే. మందపాటి ఖాకీ గుడ్డతో, లోపల రెండు అరలు పెట్టి కుట్టారు. చదివేసినవి ఒక అరలో, కొత్తవి రెండో అరలో. వానాకాలానికని పైన ప్లాస్టిక్ షీటు మూత కూడా పెట్టారు. ఏడేళ్లలో మా ఇంటికి వచ్చే సంచి ఒక్కసారి పిడి ఊడింది, అంతే.

2018 నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలప్పుడు ఈ పని మొదలైంది. నెహ్రూగారి పుట్టినరోజు 14న మొదలై 20 దాకా జరిగే ఆ వారం మామూలుగా ఉపన్యాసాలతో, వ్యాసరచన పోటీలతో అయిపోతుంది. ఆ ఏడు మాత్రం లెక్కల మాస్టారు లేచి, నడవలేని పెద్దవాళ్ల పేర్లు ఎవరికైనా తెలిస్తే ఇక్కడ రాయండని ఒక తెల్లకాగితం తిప్పారు. మా అమ్మ పేరు నేనే రాశాను. అప్పటికి ఏడాదిగా ఆమె మోకాళ్లు మొరాయిస్తున్నాయి. గ్రంథాలయం మెట్లు ఆరే. కానీ ఆ ఆరూ ఎక్కలేక ఏడాదిపాటు ఒకే వారపత్రికను తిరగేసి తిరగేసి చదివింది.

సంచి వచ్చిన మొదటి ఆదివారం అమ్మ అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. "అమ్మాయ్, మా అమ్మకి పడవ వచ్చింది, నాకు సైకిలొచ్చింది" అంది. ఆ పడవ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెం నుంచి గ్రంథాలయోద్యమం మనిషి పాతూరి నాగభూషణంగారు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య ఊరూరి రేవులోనూ ఆగుతూ పుస్తకాలు ఇచ్చేవాళ్లు. అమ్మమ్మది ఆ కాలువ గట్టు ఊరే. పదమూడేళ్ల పిల్ల, బిందె కడిగే వంకతో రేవుకి వెళ్లి పుస్తకం తెచ్చుకునేదట. బిందెలో పెట్టి తెస్తే తడుస్తుందని పమిట కింద దాచేదట. బడికి పంపని ఇంట్లో అమ్మమ్మ చదువు అలా సాగింది.

మళ్లీ సంచి దగ్గరికి వస్తాను. మంచి చెప్పాలంటే చాలా ఉంది. ఆదివారం తప్పదు. అడిగిన పుస్తకం తెస్తారు. తెచ్చిచ్చి పారిపోరు, పావుగంట కూర్చుంటారు. మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోరు. ఇవన్నీ నేను మొదటి ఏడాదే ఊళ్లో అందరికీ చెప్పుకుని తిరిగాను.

అసలు రాయాల్సింది ఆ తర్వాత జరిగింది.

మా అమ్మకో అలవాటుంది. 1979లో ఈ ఊరు వచ్చినప్పటినుంచీ ఈ గ్రంథాలయంలో చదివిన ప్రతి పుస్తకంలోనూ 27వ పేజీలో, అంకె పక్కన, పెన్సిల్‌తో చిన్న సున్న చుడుతుంది. మినపగింజంత ఉంటుంది. 27 ఎందుకంటే తన పెళ్లి తేదీ. నవలల పేర్లు ఒకదాన్ని పోలి ఒకటి ఉంటాయి, అట్టలు ఊడిపోతే బైండింగు చేయించి అన్నింటికీ ఒకే రంగు గుడ్డ వేస్తారు, పేరు చూసి పోల్చుకోవడం కష్టం. బీరువా దగ్గర నిలబడి 27 తీస్తే చాలు, సున్న ఉంటే చదివేసింది, లేకపోతే ఇంటికి తెచ్చుకోవచ్చు. నలభై ఏళ్ల చదువుకి లెక్కంతా ఆ సున్నల్లోనే ఉంది. ఇంకెక్కడా రాసుకోలేదు.

2019 వారోత్సవాల్లో పిల్లలు పుస్తకాల శుభ్రత పెట్టుకున్నారు. మంచి పనే. దుమ్ము దులిపారు, వెన్ను ఊడినవాటికి మైదా జిగురు రాశారు, బూజు పట్టినవి ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టారు. దాంతోపాటు తలా ఒక రబ్బరు ఇచ్చి పుస్తకాల్లోని పెన్సిల్ గీతలన్నీ తుడిచేయమన్నారు. కింద గీసిన గీతలు, పక్కన రాసిన వ్యాఖ్యలు, ఫోన్ నంబర్లు, ప్రేమ కబుర్లు, అన్నీ. నవలల బీరువాలు మూడు రోజుల్లో పూర్తి చేశారు. మా అమ్మ సున్నలు కూడా వాటితో పోయాయి.

మాకా సంగతి వెంటనే తెలియలేదు. డిసెంబరు మొదటి ఆదివారం సంచిలో వచ్చిన నవల అమ్మ 27 తీసి చూసుకుని మొదలుపెట్టింది. నాలుగో అధ్యాయానికి వచ్చాక పుస్తకం మూసేసి, "ఇది నేను చదివానే" అంది. వయసు కదా, ఏదో కథతో కలిపేసుకుంటోంది అనుకున్నాను. తర్వాత వారం కూడా అదే. మూడో వారం అమ్మ నాతో అనలేదు, మంచం మీద పుస్తకం పక్కన పెట్టుకుని ఊరికే కూర్చుంది. తనకి మతిమరుపు మొదలైందని భయపడింది. ఆ భయంతో రెండు వారాలు నిద్రపోలేదని నాకు తర్వాత చెప్పింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట గుర్తొస్తే నాకు ఆ రబ్బర్ల మీద కోపం వస్తుంది.

అసలు సంగతి పట్టుకుంది సంచి తెచ్చే అమ్మాయే. డిగ్రీ రెండో ఏడు అప్పుడు. అమ్మ ముభావంగా ఉండటం చూసి, "మామ్మగారూ, పుస్తకాలు బాగాలేవా?" అని అడిగింది. అమ్మ చెప్పడానికి సిగ్గుపడింది. గ్రంథాలయం పుస్తకం మీద గీయడం తప్పే కదా, నలభై ఏళ్ల తప్పు ఒప్పుకోవాలి. చివరికి 27 సంగతి చెప్పింది. ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. "అయ్యో, అవి మేమే తుడిచేశామండీ" అంది. ఏడ్చినంత పని చేసింది. అమ్మ మాత్రం ఊపిరి పీల్చుకుంది. పోయింది సున్నలే, తన బుర్ర కాదు!

పై ఆదివారం సంచితో లెక్కల మాస్టారు కూడా వచ్చారు. ఆయన చేతిలో ఒక పాత నవల. కిటికీ తలుపు మూయమన్నారు. 27 తీసి, ఫోను టార్చిని కాగితానికి ఏటవాలుగా, దాదాపు ఆనించి పట్టుకున్నారు. అంకె పక్కన సున్న కనిపించింది. గీత కాదు, దాని నొక్కు. పెన్సిల్ మసి రబ్బరుకి పోతుంది గానీ కాగితంలో పడిన గాడి పోదట. మా అమ్మ గట్టిగా నొక్కి రాసే మనిషి. డెబ్భైల్లో, ఎనభైల్లో అచ్చయిన నవలల కాగితం మెత్తన, ముతక, అందుకని గాడి దిగింది. పైగా పుటలన్నీ పసుపెక్కిపోయాయి, రబ్బరు తిప్పిన చోట మాత్రం పైపొర పోయి చిన్న మచ్చలా తెల్లగా ఉంది. ఆ మచ్చ దగ్గర వెలుతురు పెడితే చాలు.

అప్పుడు మొదలైంది పని. సంక్రాంతి సెలవుల్లో పిల్లలు ముగ్గురు ముగ్గురు చొప్పున నవలల బీరువాలు ఖాళీ చేసి, ఒక్కో పుస్తకం 27వ పేజీ టార్చి కింద పెట్టి చూశారు. 340 పుస్తకాలు చూస్తే 190లో మా అమ్మ సున్న దొరికింది. మ్యాప్‌లితో అనే నున్నటి కాగితం మీద అచ్చయిన కొత్త పుస్తకాల్లో చాలావరకు దొరకలేదు. దొరికినవన్నీ ఒక రెండొందల పేజీల రూళ్ల పుస్తకంలో రాశారు. పుస్తకం పేరు, నంబరు, పక్కన ఖాళీ గడి. ఆ గడి అమ్మ అభిప్రాయానికి. ఇప్పుడు అమ్మ చెబుతుంది, వాళ్లు రాస్తారు. "మొదలు బాగుంది, ఆఖర్లో తొందరపడ్డాడు." "ఈ అత్తగారిలాంటి ఆవిడని నేనెరుగుదును." "చెల్లెలి ముక్క చాలు, మిగతాది అక్కర్లేదు." ఒక్కో పుస్తకానికి ఒక్కో ముక్క.

ఆ వెతుకులాటలో ఇంకోటి బయటపడింది. అలా గుర్తు పెట్టుకున్నది మా అమ్మ ఒక్కతే కాదు. 11వ పేజీలో ఎర్ర ఇంకు చుక్కలున్నాయి, 50లో ఇంటూ గుర్తులున్నాయి, ఆఖరి పేజీ మూలన 'వి' అనే అక్షరం ఉంది. ఇంకుతో పెట్టినవి రబ్బరుకి పోలేదు. అమ్మాయి వాటి ఫొటోలు తీసి తెచ్చి చూపించింది. 'వి' చూడగానే అమ్మ గుర్తుపట్టింది. మా పక్క వాటాలో ఉండి 1991లో బదిలీ మీద వెళ్లిపోయినావిడ. "ఇదీ చదివిందా తను! నాకు చెప్పనే లేదు" అంటూ ఆ ఫోను చాలాసేపు ఇవ్వలేదు. ఊళ్లో ఆడవాళ్లు ఎవరెవరు ఏమేం చదివారో, ఒకరి గుర్తు పక్కన ఒకరి గుర్తు, ఆ పుస్తకాల్లో ఉంది. అప్పట్నించీ శుభ్రత రోజున రబ్బర్లు ఇవ్వడం మానేశారు. పేజీ అంకెల చుట్టూ ఉన్నవాటిని ముట్టుకోవద్దని కొత్తగా చేరే పిల్లలకి మొదటిరోజే చెబుతారు. నేను విన్నాను.

ఇప్పుడు పైన రాసినవాటిని కొంచెం సరిచేయాలి. ఆదివారం తప్పదన్నాను. పరీక్షల కాలం మినహాయించి అని చదువుకోండి. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో సంచి రెండు వారాలకోసారి వస్తుంది, ఒక్కోసారి మూడు. 2020లో గ్రంథాలయమే మూతపడింది, చాలా నెలలు అసలు లేదు. అడిగిన పుస్తకం తెస్తారన్నాను. అమ్మ అడిగేవి పాత నవలలు, అవి ఉన్నాయి కాబట్టి తెచ్చారు. నేను నాకోసం అడిగిన కొత్త తెలుగు పుస్తకాలు నాలుగింటిలో మూడు రాలేదు, ఎందుకంటే అక్కడ లేవు. అది పిల్లల తప్పు కాదు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. వసూలైన డబ్బు గ్రంథాలయ సంస్థలకి సకాలంలో చేరదన్న మాట నా చిన్నప్పటినుంచీ వింటున్నదే. పిల్లలు ఎంత ఓపికగా తిరిగినా బీరువాలో లేని పుస్తకాన్ని సంచిలోకి తేలేరు.

ఇంకో ఇబ్బంది ఉంది. మా శాఖకి పూర్తికాలం లైబ్రేరియన్ లేరు. రెండు శాఖలు చూసుకునే ఇన్‌ఛార్జి ఒకరున్నారు. మనిషి మంచివారు, కానీ పుస్తకం పోతే తన జీతంలోంచి కట్టాల్సి వస్తుందని భయం. అందుకని సంచిలో వచ్చే పుస్తకాలన్నీ నా కార్డు మీద, అమ్మ కార్డు మీద రాస్తారు. కార్డు లేని పెద్దవాళ్లకి సంచి రాదు. మా వీధి చివరి తాతగారికి ధరావతు కట్టి కార్డు ఇప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. రోజువారీ కౌంటరు పని కూడా నెమ్మదిగా పిల్లల మీద పడుతోంది. అది నాకు నచ్చడం లేదు. లైబ్రేరియన్ చేయాల్సిన పని లైబ్రేరియనే చేయాలి. ఈ పిల్లలు ఉన్నారు కదా అని ఆ పోస్టు నింపడం మానేస్తే, వీళ్లు చేస్తున్న మంచికి అంతకంటే అన్యాయం ఉండదు.

వేసవిలో వీళ్లు చిన్నపిల్లలకి కథలు చదివించే శిబిరం నడుపుతారు. మా ఇంట్లో ఆ వయసువాళ్లు లేరు కాబట్టి దాని గురించి నేను చెప్పలేను. పోటీ పరీక్షలవాళ్లు బల్లలన్నీ ఆక్రమించేస్తారని పేపరు చదివే పెద్దలు సణుగుతుంటారు. నేను కూర్చుని చదవను కాబట్టి ఆ తగువులోకీ వెళ్లను.

మా సంగతి వేరు. ఇల్లు గ్రంథాలయానికి ఐదు వీధుల దూరం, సైకిల్ మీద పది నిమిషాలు. అమ్మకి ఎనభై వచ్చినా చత్వారం అద్దాలతో చదువుకోగలదు, ఆమెకి కావాల్సినవి ఆ బీరువాల్లో ఉన్నాయి. ఈ మూడూ కుదిరాయి కాబట్టి మాకు ఈ సంచి ఇంత ఉపయోగపడింది. కొత్త పుస్తకాలే కావాలనుకునేవాళ్లకి, ఊరి చివర కాలనీల్లో ఉండేవాళ్లకి ఇంతగా ఉపయోగపడకపోవచ్చు. మీ ఊళ్లో ఇలాంటి పిల్లలుంటే మాత్రం మీ ఇంట్లో పెద్దవాళ్ల పేరు ఇవ్వండి, ఇచ్చేముందు వాళ్ల గుర్తు ఏ పేజీలో ఉందో అడగండి.

ఆ అమ్మాయికి ఈ జూన్‌లో హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. రూళ్ల పుస్తకం ఇప్పుడు ఇంటర్ మొదటి ఏడు కుర్రాడి చేతికి వచ్చింది. అక్షరాలు కొంచెం కోడికాళ్లలా ఉన్నాయి. మొన్న ఆదివారం అమ్మ చెప్పిన ముక్క రాసుకుని, ఒకసారి పైకి చదివి, "ఇంతేనా మామ్మగారూ, ఇంకేమన్నా ఉందా?" అని అడిగాడు. అమ్మ కాసేపు ఆలోచించి ఇంకో రెండు ముక్కలు చెప్పింది.