జవాను స్మారకానికి చీమకుర్తి గెలాక్సీ: పేరుకు బాగుంటుంది, ముఖానికి వద్దు

శ్రీలంకకు వెళ్లిన మన శాంతి సేనలో 1987–90 మధ్య దాదాపు 1,200 మంది చనిపోయారు. మీసం సరిగా రాని కుర్రాళ్లూ వాళ్లలో ఉన్నారు. వాళ్ల స్మారకం కొలంబో పక్కన కోట్టేలో ఉంది. అంతదూరం వెళ్లలేని తల్లిదండ్రులకు ఊళ్లో నిలబెట్టే రాయే దిక్కు. ఒంగోలు చుట్టుపక్కల రాయి అనగానే అందరూ చీమకుర్తి గెలాక్సీ అంటారు, అంటే చీమకుర్తి గనుల్లో దొరికే చుక్కల నల్ల గ్రానైట్. గట్టి రాయి, ఎండావానలకు తట్టుకుంటుంది, మెరుపు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

కానీ బొమ్మ దగ్గరే చిక్కు. ఈ నల్లరాతిలో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ ఖనిజపు రేకులు. లేజర్‌తో ఫొటో చెక్కితే అవి బుగ్గ మీద, కంట్లో మచ్చల్లా పడతాయి. బిడ్డ పోలిక పోతుంది. ముఖాన్ని చుక్కల్లేని సన్నరవ్వ నల్లరాతి మీద విడిగా చెక్కించి గెలాక్సీలో పొదిగించండి, లేదా సిరామిక్ ఫొటో పెట్టించండి. పాత పాస్‌పోర్టు ఫొటోను సెల్‌ఫోన్‌తో తీసి ఇవ్వొద్దు, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయించండి. టోపీ మీద బ్యాడ్జీ కూడా స్పష్టంగా రావాలి.

అక్షరాలకు సాండ్‌బ్లాస్టింగే, అంటే ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టి చెక్కడమే మేలు. లోతు 2–3 మిల్లీమీటర్లు ఉండాలి. అక్షరాల ఎత్తు పేరుకు ఒకటిన్నర అంగుళం, మిగతావాటికి అంగుళానికి తగ్గకూడదు. అంతకన్నా చిన్నవైతే స్టెన్సిల్ (రాతికి అంటించే అక్షరాల అచ్చు) లేచిపోయి ఒత్తులు చెదురుతాయి. థలో చుక్క ఎగిరిపోతే ధ అవుతుంది, పేరే మారిపోతుంది. నంబరు, ర్యాంకు, రెజిమెంటు, తేదీ సైన్యం రికార్డు ఆఫీసు ఉత్తరం చూసి రాయించండి, నోటిమాటగా చెప్పొద్దు. చెక్కేముందు అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయించి, గోడకు అంటించి, ఇంట్లోవాళ్లందరి చేతా చదివించాలి. అక్షరాల్లో రంగు తెలుపే వేయించండి, బంగారు రంగు ఆ చుక్కల్లో కలిసిపోతుంది.

వంటింటి గట్టుకు వాడే 18 మిల్లీమీటర్ల పలక నిలువురాయికి పనికిరాదు, కనీసం రెండంగుళాల మందం కావాలి. మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పుంటే 80 కిలోలు దాటుతుంది. నలుగురు మనుషులు లేనిదే ఎత్తొద్దు.

ఎక్కువగా చెడేది దిమ్మె దగ్గర. రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, రాయి పక్కకు ఒరుగుతుంది. గట్టి మన్ను తగిలేదాకా తవ్వి కాంక్రీటు పోయించండి. రాతికి, దిమ్మెకు మధ్య 12 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు రెండు, నాలుగంగుళాల లోతున ఎపాక్సీ జిగురుతో దిగాలి. మామూలు ఇనుమైతే తుప్పుపట్టి ఉబ్బి రాతిని చీలుస్తుంది. సముద్రపు గాలి తగిలే కొత్తపట్నం వైపు ఇది మరీ త్వరగా జరుగుతుంది.

కొనేటప్పుడు తెల్లగుడ్డను అసిటోన్‌లో తడిపి రుద్దండి. నలుపు అంటుకుంటే అది రంగు వేసిన రాయి, తీసుకోవద్దు. కోత, పాలిష్, చెక్కుడు, రవాణా రేట్లు విడివిడిగా రాయించుకోండి. తర్వాత కడగడానికి మంచినీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. యాసిడ్ పోస్తే మెరుపు పోతుంది.