పసివాళ్లకు అల్లే కానుక: ఊలా, నూలా?

మా కుటుంబంలో ఎవరికి బిడ్డ పుట్టినా చేత్తో అల్లిన వస్తువు ఒకటి ఇవ్వడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. హైదరాబాదులో ఉన్న అన్నయ్య మనవడికి ఆక్రిలిక్ స్వెట్టరు, విజయవాడలో మేనకోడలి కూతురికి నూలు దుప్పటి, షికాగోలో ఉంటున్న చెల్లెలి మనవరాలికి మెరినో (ఆ జాతి గొర్రెల సన్నని, మెత్తని ఊలు) కోటు అల్లాను. ఆ పిల్లలు ఇప్పుడు బడికి వెళుతున్నారు. వారి తర్వాత పుట్టిన వాళ్లూ అవే వాడారు. కొత్తలో కనిపించే మెత్తదనాన్ని బట్టి కాక, ఇన్నేళ్ల ఉతుకులూ నూనె మరకలూ ఎండలూ దాటి వచ్చిన తర్వాత అవి ఎలా ఉన్నాయో చూసి ఈ మూడు రకాల దారం గురించి రాస్తున్నాను.

మన ఊళ్ల దుకాణాల్లో ‘బేబీ ఊలు’ అని అడిగితే చేతికిచ్చేది చాలావరకు ఆక్రిలిక్కే. అందులో గొర్రె బొచ్చు ఉండదు. అది పూర్తిగా కృత్రిమమైన పోగు. ధర తక్కువ, రంగులు ఎక్కువ, అల్లుతున్నప్పుడు చేతికి బరువనిపించదు. మా అన్నయ్య ఇంట్లో ఆ స్వెట్టరును మిగిలిన బట్టలతో కలిపి మెషీన్‌లోనే వేశారు. అయినా అది కుంచించుకుపోలేదు, రంగు వెలవలేదు. మోచేతుల దగ్గరా చంకల కిందా నూగు ఉండలు కట్టింది గానీ, దాన్ని నేను పెద్ద లోపంగా చూడను. అసలు ఇబ్బంది చెమటతో వచ్చింది. నూలు తన బరువులో సుమారు 8 శాతం, ఊలు 16 శాతం దాకా గాలిలోని తేమను పీల్చుకోగలవు. ఆక్రిలిక్ 2 శాతం కూడా పీల్చుకోదు. హైదరాబాదులో చలికాలమైనా మధ్యాహ్నం ఎండ కాస్తుంది కనుక, పొద్దున తొడిగిన స్వెట్టరును పదకొండు గంటలకల్లా విప్పకపోతే పిల్లవాడి మెడ తడిసిపోయేది. రోజూ నూనె రాసి నలుగు పెట్టే ఇల్లు కావడంతో, ఎన్ని ఉతుకులు పడ్డా ఆ నూనె వాసన దాన్ని పూర్తిగా వదలలేదు. మరో మాట కూడా చెప్పాలి: వేడి ఇస్త్రీపెట్టె తగిలితే ఆక్రిలిక్ సాగి, మళ్లీ బిగువు రాకుండా వేలాడిపోతుంది, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. తలంటు పోశాక సాంబ్రాణి పట్టే ఇళ్లలో, ఆ సమయానికి బిడ్డ ఒంటి మీద ఆక్రిలిక్ ఏదీ ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

మెరినో గురించి తక్కువే చెప్పవచ్చు, ఎందుకంటే అది తగిన చోటికి వెళ్లింది. షికాగో చలికి ఆ కోటు చక్కగా ఆగింది, లోపల పలుచని నూలు చొక్కా ఉంటే గుచ్చుకోలేదు. మామూలు ఊలు పోగు మీద పొలుసులుంటాయి. వేడినీటిలో రుద్దితే అవి ఒకదానికొకటి చిక్కుకొని బట్ట అట్టకడుతుంది. సూపర్‌వాష్ అని రాసి ఉన్న ఊలులో ఆ పొలుసులను తొలగించడమో, పైన పూత వేయడమో చేస్తారు కనుక మెషీన్‌ను తట్టుకుంటుంది. కాకపోతే తడిసినప్పుడు సాగుతుంది. తీగ మీద వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టాలి. దాచేటప్పుడు పురుగు పడుతుందని కలరా ఉండలు వేయడం మన ఇళ్లలో మామూలే, కానీ పసిపిల్లల బట్టలకు అది పనికిరాదు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న శిశువులలో, ఆ ఉండల్లో వాడే నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది.

ఇక నూలు దుప్పటి. అల్లేటప్పుడు నన్ను విసిగించింది ఇదే, నిలిచిందీ ఇదే. నూలుకు ఊలులో ఉండే సాగుడు లేదు కనుక మణికట్టు నొప్పి పెడుతుంది, కుట్లలో చిన్న తేడా ఉన్నా దాగదు. సుమారు 75 సెంటీమీటర్ల చదరానికి 400 గ్రాములకు దగ్గరగా దారం పట్టింది, ఆ బరువంతా చేతుల మీద పడకుండా గుండ్రటి సూది (రెండు సూదుల కొనలను వంగే తీగతో కలిపినది) వాడి ఒళ్లో పెట్టుకొని అల్లాను. అన్ని వరుసలూ ఒకే కుట్టుతో వచ్చే గార్టర్ అల్లిక ఎంచుకున్నాను. అంచులు చుట్టుకుపోవు, రెండు వైపులా ఒకేలా ఉంటుంది, పైగా చిన్న వేళ్లు చిక్కుకునే రంధ్రాలు ఉండవు. లేసులాంటి అల్లిక ఎంత అందంగా ఉన్నా పసివాళ్లకు వద్దంటాను. వెనకవైపు వదులు పోగులు వేలాడే రంగుల డిజైన్లు కూడా అంతే, వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. ఆ దుప్పటిని మేనకోడలు వేడినీళ్లలో నానబెట్టింది, సబ్బు పెట్టి బ్రష్‌తో రుద్దింది, ఎండలో ఆరేసింది. మొదటి ఏడాదికంటే ఇప్పుడే అది మెత్తగా ఉంది. వానాకాలంలో ఆరడానికి రెండు రోజులు పట్టేదన్నది ఆమె చెప్పిన ఒకే ఒక ఫిర్యాదు. ఏడాది లోపు బిడ్డ నిద్రపోతున్నప్పుడు పక్కలో వదులు దుప్పటి ఉంచవద్దని వైద్యులు చెబుతారు. అందుచేత వాళ్లు దాన్ని మొదట నేల మీద పరచడానికీ, ఒళ్లో ఎత్తుకున్నప్పుడు కప్పడానికీ వాడారు. నూలుతో టోపీ మాత్రం అల్లకండి, తలకు పట్టి ఉంచే రిబ్ (సాగే గీతల అల్లిక) అంచు త్వరగా వదులైపోతుంది.

పుట్టకముందే బట్టలు సిద్ధం చేయకూడదని మా పెద్దత్తయ్య పట్టుబట్టేవారు. ఆ పట్టింపు అల్లికకు మేలే చేసింది. పుట్టినప్పుడు 35 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉండే తల చుట్టుకొలత ఏడాదికి 46 దగ్గరికి వస్తుంది. నెలల పిల్లల కొలతకు అల్లినది ఒకటి రెండు నెలల్లో బిగుతైపోతుంది. బారసాల నాటికి పూర్తి చేయాలని తొందరపడకుండా, ఆరు నెలల నుంచి ఏడాది వయసు కొలతకు అల్లి, ఆ పిల్లలకు చలికాలం ఎప్పుడు వస్తుందో లెక్క చూసుకొని ఇవ్వడం మంచిది.

సూదులు కొనేటప్పుడు మన దుకాణాల్లో ఇప్పటికీ పాత బ్రిటిష్ నంబర్లు చెబుతారు. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8వ నంబరు 4 మిల్లీమీటర్లు, 10వ నంబరు 3.25. నూలుకు అల్యూమినియం సూదులకంటే వెదురువి నయం, కుట్లు జారవు.

మన కోస్తా ఊళ్లకు నూలు దుప్పటినే ఎంచుకుంటాను. హైదరాబాదు, ఆదిలాబాదు చలికి, ఉతికే ఓపిక తక్కువగా ఉన్న ఇంటికి ఆక్రిలిక్ తప్పేమీ కాదు. మెరినోను చలిదేశాల్లో ఉన్న పిల్లలకే అల్లుతాను. దారం ఏదైనా, ఉండల మీద రంగు లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసినవని తెలిపే గుర్తు) ఒకటే ఉందో లేదో చూసి, అవసరమైనదానికంటే ఒక ఉండ ఎక్కువ కొనండి. మిగిలినదాన్ని కానుకతో పాటే తల్లికి ఇచ్చేయండి. అంచు పోగు తెగిన నాటికి అదే ఛాయ దుకాణంలో దొరకదు.