ఆరేళ్ళు కార్డులు గీకితే ఐదుగురికి ఎన్ని టికెట్లు వచ్చాయి

ముందు మాది ఏ ఊరో చెప్పాలి. క్రెడిట్ కార్డుల గురించి రాసేవాళ్ళలో చాలామంది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు, వాళ్ళకు ఎయిర్‌పోర్టు ఊళ్ళోనే, కూరగాయలు కొన్నా కార్డు మెషిన్ దగ్గరికే వస్తుంది. మాది అమలాపురం. ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. ఇంట్లో ఐదుగురం: నేను, మా ఆవిడ, బాబు, పాప, మా అమ్మ. కోటిపల్లి నరసాపురం లైను పూర్తయి మా ఊరికి రైలు వచ్చేలోపు రైలైనా విమానమైనా రాజమండ్రి వైపు పోవాల్సిందే. మధురపూడి ఎయిర్‌పోర్టుకు రావులపాలెం మీదుగా కారులో రెండు గంటలు, రోడ్డు మీద లారీలు ఉంటే ఇంకా ఎక్కువ. అక్కడికి వచ్చేవి ప్రధానంగా ఇండిగో విమానాలు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

2019లో మొదటి కార్డు తీసుకున్నాను. ఇప్పటికి నాలుగు కార్డులు వాడాను, రెండు క్యాన్సిల్ చేశాను, రెండు ఉన్నాయి. ఏ కార్డు గొప్పదో చెప్పేంత పండితుణ్ణి కాదు గానీ, ఐదుగురి కుటుంబం, పల్లెటూరి ఖర్చులు ఉన్నవాళ్ళకు ఈ మైళ్ళ వ్యవహారం, అంటే కార్డు ఖర్చుకు వచ్చే పాయింట్లను విమాన టికెట్లుగా మార్చుకోవడం, ఎలా పనిచేస్తుందో మాత్రం పూర్తిగా అనుభవించి చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు తెలుసుకున్న సంగతి, మన డబ్బు పోయే చోట కార్డు పనిచేయదు. షాపు అద్దె చెక్కు. పిల్లల స్కూలు ఫీజు క్యాష్ లేదా ఫోన్‌పే. కిరాణా, పాలు, కూరగాయలు అన్నీ క్యూఆర్ కోడ్. బంగారం కొంటే కొన్ని మైళ్ళ కార్డుల్లో ఏమీ రాదు. పెట్రోలు, డీజిలుకు రాదు. ఇన్సూరెన్సు ప్రీమియం, కరెంటు బిల్లు, వాలెట్‌లో వేసుకునే డబ్బు కూడా ఒక్కొక్కటిగా లిస్టులోంచి తీసేస్తున్నారు. పుస్తెలమ్మి అయినా పులస తినమన్నారు గానీ, కార్డు గీకి తినమని ఎవరూ అనలేదు, యానాంలో చేపలు అమ్మే ఆవిడ దగ్గర మెషిన్ ఉండదు మరి. రూపే క్రెడిట్ కార్డు అయితే యూపీఐకి కలుపుకుని క్యూఆర్ మీద కొట్టొచ్చు, చిన్న ఖర్చులకు అది నిజంగా పనికొస్తుంది, కానీ మంచి మైళ్ళు ఇచ్చే కార్డులు ఎక్కువగా వీసా, మాస్టర్‌కార్డు మీదే ఉంటాయి. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ గురించి చాలామంది గొప్పగా చెబుతారు, మా వైపు షాపుల్లో అది తీసుకునే మెషిన్లు తక్కువ, అందుకే దాని జోలికి పోలేదు.

మరి షాపు సరుకు కార్డు మీద కొంటే? అదే చేశాను. రాజమండ్రి డిస్ట్రిబ్యూటర్ దగ్గర వైర్లు, స్విచ్చులు, ఫ్యాన్లు తెచ్చి నెలకు లక్షన్నర దాకా గీకాను. ఆయన రెండు శాతం అదనంగా వేసుకునేవాడు, పోనీలే మైళ్ళలో వస్తుంది అనుకున్నాను. ఎనిమిది నెలల తర్వాత ఒక బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది, మీ ఖర్చు వ్యాపారానికి సంబంధించినదిగా కనిపిస్తోంది, వ్యక్తిగత కార్డు మీద అది కుదరదు, పాయింట్లు నిలిపివేస్తున్నాం అని. నిబంధనల్లో ఆ వాక్యం మొదటి నుంచీ ఉంది, నేనే చదవలేదు. పోయినవి పోయాయి, ఆయనకు కట్టిన రెండు శాతం కూడా నా లెక్కలో నష్టమే. అప్పటినుంచి ఇంటి ఖర్చే గీకుతున్నాను.

ఇక కార్డుల సంగతి. ఆరేళ్ళలో మా ఇంటికి నిజంగా ఉపయోగపడింది విస్తారా కో బ్రాండెడ్ కార్డు, అంటే ఆ విమాన సంస్థ పేరుతో బ్యాంకు ఇచ్చేది. ఏడాది ఫీజు పదిహేను వందల చిల్లర. కార్డు తీసుకున్నందుకు ఒక ఎకానమీ టికెట్ వోచర్, నిర్ణయించిన ఖర్చు దాటినప్పుడల్లా ఇంకొకటి. పన్నులు మనమే కట్టుకోవాల్సి వచ్చేది, అయినా అది టికెట్, పాయింటు కాదు, లెక్కలు కట్టాల్సిన పని లేదు. నా పేరున ఒకటి, మా ఆవిడ పేరున ఒకటి తీసుకున్నాం. 2022లో మేడ మీద పోర్షను కట్టినప్పుడు టైల్సు, బాత్రూం సామాన్లు, రెండు ఏసీలు అన్నీ కార్డుల మీదే, ఆ ఏడాది నాలుగు వోచర్లు వచ్చాయి. ఐదో టికెట్ కొనుక్కుని హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళాం, అక్కడినుంచి రైల్లో కాశీ. అమ్మ జీవితంలో మొదటి విమానం అది. మేఘాల మీంచి పోతుంటే మాట్లాడకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, దిగాక మాత్రం "ఉప్మా బాగాలేదురా" అంది, అంతే.

2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. పాయింట్లు ఎయిర్ ఇండియా మహారాజా క్లబ్‌లోకి ఒకటికి ఒకటి చొప్పున మారాయి, అందులో ఇబ్బంది రాలేదు, కానీ నేను లెక్క పెట్టుకున్న ఆ వోచర్ల పద్ధతి పోయింది. ఏ ఒక్క విమాన సంస్థ పేరున్న కార్డయినా ఈ గండం ఉంటుంది.

రెండోది యాక్సిస్ బ్యాంకు వాళ్ళ అట్లాస్ కార్డు. ఫీజు 5,000, జీఎస్టీతో 5,900. ఇది ఏ ఒక్క సంస్థకూ కట్టుబడదు, ఇందులో వచ్చే ఎడ్జ్ మైళ్ళను సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఎయిర్ ఇండియా, ఇంకా చాలావాటికి పంపించుకోవచ్చు, ఒకటి పంపితే అటు రెండు అవుతాయి. మామూలు ఖర్చుకు వందకు 2, విమాన టికెట్లు నేరుగా సంస్థ దగ్గర కొంటే 5. ఏడాదిలో 3 లక్షలు దాటితే అదనంగా 2,500. పేపరు మీద అద్భుతం. నేను కూడా అలాగే అనుకుని, సింగపూర్‌కు ఐదుగురం మైళ్ళ మీదే పోతామని పిల్లలకు మాట ఇచ్చేశాను.

హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు ఎకానమీలో తక్కువ మైళ్ళ సీటు ఒక్కొక్కరికి ఒక వైపు దాదాపు ఇరవై వేల మైళ్ళు. పిల్లలకు తగ్గింపు లేదు, రెండేళ్ళు దాటితే పెద్దవాళ్ళకు ఎంతో వాళ్ళకూ అంతే. ఐదుగురు రానూపోనూ అంటే రెండు లక్షల మైళ్ళు, అంటే లక్ష ఎడ్జ్ మైళ్ళు, అంటే వందకు 2 చొప్పున 50 లక్షల ఖర్చు. మా ఇంటి కార్డు ఖర్చు ఏడాదికి 6 లక్షలు. దానికి ఎడ్జ్ మైళ్ళు 12,000, మీద 2,500, మొత్తం 14,500. అటు పంపితే 29,000. ఆ లెక్కన ఏడేళ్ళు పడుతుంది, ఈలోపు సింగపూర్ మైళ్ళకు మూడేళ్ళకే గడువు తీరిపోతుంది. పైగా సింగపూర్ లాంటి మంచి సంస్థలకు ఏడాదికి 30,000 ఎడ్జ్ మైళ్ళ కంటే పంపనివ్వరు. ఇదంతా ముందే కాగితం మీద పెట్టి చూసుంటే పిల్లలకు మాట ఇచ్చేవాణ్ణి కాదు.

సరే, రెండేళ్ళు పోగేసి, అటు పంపితే 60 వేలు అయ్యేంత చేశాను. పంపబోతే వెనక్కి వచ్చింది. మన పేర్ల సంగతి తెలిసిందే కదా, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, విమాన సంస్థ ఖాతా అలాగే తెరిచాను, బ్యాంకులో మాత్రం ఇనిషియల్ ఒక్క అక్షరమే. పేరు కలవలేదు. ఆధార్ ఇచ్చి, పాన్ ఇచ్చి, బ్రాంచికి రెండుసార్లు తిరిగి సరిచేయించేసరికి మూడు వారాలు, ఈలోపు మే నెలలో నేను చూసి పెట్టుకున్న సీట్లు పోయాయి. మీరు కార్డు తీసుకోకముందే ఈ పని చేయించుకోండి. మీదే కాదు, ఇంట్లో అందరి పాస్‌పోర్టు పేర్లూ ఒకసారి చూసుకోండి, సింగపూర్ వాళ్ళ దగ్గర మన మైళ్ళతో వేరేవాళ్ళకు టికెట్ కావాలంటే ముందుగా వాళ్ళ పేర్లు నమోదు చేయాలి, ఐదుగురి వరకే.

చివరికి జూన్‌లో ఒక తేదీకి రెండే సీట్లు దొరికాయి. ఐదుగురి కుటుంబానికి అసలు చిక్కు ఇదే, కార్డు దగ్గర కాదు, సీట్ల దగ్గర. మైళ్ళకు ఇచ్చే సీట్లు ఒకటో రెండో ఉంటాయి, ఒకే విమానంలో ఐదు ఖాళీగా దొరకడం మా అనుభవంలో ఒక్కసారీ జరగలేదు, అదీ స్కూలు సెలవుల్లో. మా ఆవిడా పాపా మైళ్ళ మీద, నేనూ బాబూ అమ్మా డబ్బు పెట్టి. తిరుగు ప్రయాణంలో ఒక్క సీటు. రెండు వేరే బుకింగులు కాబట్టి సీట్లు పక్కపక్కన రాలేదు, కౌంటర్ దగ్గర అడిగి సర్దుకున్నాం.

ఇక లాభం ఎంత? మూడు ఒక వైపు టికెట్లు, ఆ రోజు ధర చూస్తే 33 వేలు. పన్నులు చేతి నుంచి కట్టాను, అవి పోను 26 వేలు మిగిలింది. రెండేళ్ళ ఫీజు 11,800 తీసేస్తే 14 వేల చిల్లర. అదే రెండేళ్ళలో 12 లక్షల ఖర్చు మీద ఒకటిన్నర శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే మామూలు కార్డు వాడి ఉంటే 18 వేలు వచ్చేవి, పేర్ల గొడవ లేదు, సీట్ల టెన్షన్ లేదు, ఆ డబ్బుతో మధురపూడి నుంచే ఇండిగో టికెట్ కొనుక్కునేవాణ్ణి. దగ్గర ప్రయాణాలకు, ఎకానమీలో, కుటుంబం మొత్తానికి మైళ్ళు పోగేయడం నా దృష్టిలో పని ఎక్కువ ఫలితం తక్కువ. ఈ మాట ఎవరైనా ముందే చెప్పుంటే బాగుండేది.

కానీ అదే మైళ్ళు ఒక్కసారి మాత్రం దేవుడిలా ఆదుకున్నాయి. చికాగోలో మా చెల్లి పురుడుకు అమ్మను పంపాం. వెళ్ళే తేదీ తెలుసు, తిరిగి ఎప్పుడొస్తుందో తెలియదు, పురుడు ముందుకో వెనక్కో జరిగితే చెప్పలేం. రానూపోనూ టికెట్ కొని తేదీ మారిస్తే ఎంత కట్టాలో ఏజెంటు చెప్పిన అంకె వినే ధైర్యం లేక వెళ్ళడానికే కొన్నాం. రావడానికి మాత్రం విస్తారా నుంచి వచ్చిన పాత పాయింట్లు, అట్లాస్‌లో మళ్ళీ పోగైనవి కలిపి ఎయిర్ ఇండియాలో చికాగో నుంచి ఢిల్లీ, అక్కడినుంచి హైదరాబాద్ ఒక్క సీటు తీశాను. ఒక్క సీటు కాబట్టి దొరికింది. తేదీ ఒకసారి మార్చాల్సి వస్తే కొద్దిపాటి ఫీజు కట్టి రద్దు చేసి, పాయింట్లు వెనక్కి రాగానే వేరే రోజుకు తీశాను. అప్పటికప్పుడు డబ్బు పెట్టి కొనాలంటే 70 వేలకు పైనే ఉంది. వీల్‌చైర్ కూడా ముందే పెట్టించాం, మోకాళ్ళ నొప్పి అని కాదు, ఢిల్లీలో విమానం మారేటప్పుడు భాష రాక తికమక పడుతుందని.

అందుకే ఇప్పుడు నా లెక్క మారింది. ఐదుగురి కోసం మైళ్ళు దాచను, ఒక్కరి దూర ప్రయాణం కోసం దాస్తాను. గల్ఫ్‌లోనో అమెరికాలోనో మనవాళ్ళు లేని ఇల్లు మా కోనసీమలో తక్కువ, ఏదో ఒక ఏడాది ఎవరో ఒకరు హడావిడిగా వెళ్ళాల్సి రావడం మామూలే. పిల్లలతో వెళ్ళే ప్రయాణాలకు క్యాష్‌బ్యాక్ కార్డు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి రాజమండ్రి టికెట్ ధర చూస్తే ఏ మైళ్ళూ సరిపోవు, దానికి మందు మూడు నెలల ముందు కొనడమే, లేదా గౌతమి ఎక్స్‌ప్రెస్.

ఎయిర్‌పోర్టులో కూర్చుని తినే లాంజ్ గురించి రెండు ముక్కలు. ఎక్కువ కార్డుల్లో కార్డు ఉన్నవాళ్ళకే ఉచితం, పక్కవాళ్ళకు డబ్బు. చాలా కార్డులు గత మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే లోపలికి అంటున్నాయి. ఐదుగురిలో ఇద్దరు లోపల ఇడ్లీ తిని ముగ్గురు బయట కుర్చీల్లో కూర్చునే సంబరం మాకు వద్దనిపించింది.

చివరిగా, అతి ముఖ్యమైనది. మా బావమరిదికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులు. నా మాట విని కార్డు తీసుకున్నాడు, మేత డబ్బు రెండు లక్షలు దాని మీద కట్టాడు. జీతగాళ్ళకు ఒకటో తారీఖు ఉంటుంది, రొయ్యకు పట్టుబడి రోజే ఒకటో తారీఖు, దాళ్వా వరికైనా అంతే, కార్డు బిల్లు మాత్రం నెల నెలా వస్తుంది. ఆ పంటకు వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు తగిలింది. బిల్లు మొత్తం కట్టలేక మినిమం డ్యూ, అంటే కట్టాల్సిన కనీస మొత్తం మాత్రమే కడుతూ వచ్చాడు. నెలకు మూడు ముప్పావు శాతం వడ్డీ, రెండు లక్షల మీద 7,500, దాని మీద జీఎస్టీ 1,350, మొత్తం 8,850. బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ కొన్నరోజు నుంచే వడ్డీ. ఆ రెండు లక్షలకు వచ్చినవి నాలుగు వేల ఎడ్జ్ మైళ్ళు. నాలుగో నెలలో ఫోన్ చేసి, "మైళ్ళన్నావు కదా బావా, ఇక్కడ మీటరు తిరుగుతోంది" అన్నాడు. నేనూ కొంత సర్ది ఆ బాకీ తీర్పించాను, కార్డు క్యాన్సిల్ చేయించాం. ఆ మాట ఇప్పటికీ పండక్కి వచ్చినప్పుడల్లా అందరి ముందూ అంటాడు, పడతాను.

నా అట్లాస్‌కు ఫిబ్రవరిలో మళ్ళీ 5,900 పడుతుంది. ఖాతాలో 11 వేల ఎడ్జ్ మైళ్ళు ఉన్నాయి. మా ఆవిడ తీసేయమంటోంది. చెల్లి మాత్రం రెండో కాన్పు వచ్చే ఏడాది అంటోంది, కాబట్టి ఇంకో ఏడాది ఉంచుతున్నాను.